రివ్యూ వేశామని అప్పీలు గడువు ఆగదు

సంపాదకులకు నమస్కారం.

సుప్రీంకోర్టులో ఫలానా తీర్పు మీద రివ్యూ పిటిషన్ వేశారని టీవీలో వార్త వచ్చిందంటే చాలు, ఆ వారమంతా మా సరిహద్దు కోర్టుల వరండాల్లో అదే మాట. పర్లాకిమిడి కానివ్వండి, గుణుపురం, రాయగడ, బరంపురం కానివ్వండి, దావా ఓడిపోయిన మనవాళ్లు ముందు అప్పీలు సంగతి అడగరు. "రివ్యూ వేస్తే ఈ జడ్జిగారే మళ్లీ వింటారట కదా, కటక్ హైకోర్టు దాకా పోనక్కర్లేదు కదా" అంటారు. దూరం తక్కువ, ఖర్చు తక్కువ, వినడానికి బాగానే ఉంటుంది. ఆ ఆశతో రివ్యూ వేసి, నెలల తరబడి వాయిదాలు తిరిగి, చివరికి అది కొట్టేశాక అప్పీలుకు పోతే "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అప్పటికి అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఈ గందరగోళంలో తెలుగు పత్రికలకూ కొంత వాటా ఉంది. రివ్యూని ఒకరోజు పునఃసమీక్ష అంటారు, ఇంకోరోజు పునర్విచారణ అంటారు. రివిజన్‌కీ అదే మాట, రిమాండ్‌కీ అదే మాట. చదివేవాడికి అన్నీ ఒకటే అనిపించడంలో వింత లేదు. రివ్యూ అంటే తీర్పిచ్చిన కోర్టే తన తీర్పును మళ్లీ చూసుకోవడం. రివిజన్ అంటే కింది కోర్టు తన అధికారం దాటిందా, ఉన్న అధికారం వాడకుండా ఊరుకుందా అని పై కోర్టు చూడడం. రిమాండ్ అంటే పై కోర్టు కేసును కిందికి తిప్పి పంపడం. అందుకే ఇంగ్లిషు మాటలనే తెలుగు లిపిలో వేయండి. కోర్టులో గుమాస్తా అనేదీ, కక్షిదారు వినేదీ ఆ మాటలే.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రివ్యూకి 114వ సెక్షన్, ఆర్డర్ 47 ఉన్నాయి. చట్టం అప్పీలుకు వీలివ్వని డిక్రీ (తీర్పును బట్టి కోర్టు రాసిచ్చే ఉత్తర్వు) మీద రివ్యూ కోరవచ్చు. అప్పీలుకు వీలున్నా ఇంకా వేయని డిక్రీ మీద కూడా కోరవచ్చు. కారణాలు మూడే. ఎంత శ్రద్ధ పెట్టి వెతికినా దావా నడిచే రోజుల్లో తెలియని, లేదా దాఖలు చేయలేకపోయిన కొత్త, ముఖ్యమైన సాక్ష్యం ఇప్పుడు దొరకడం ఒకటి. రికార్డు చూడగానే పైకి కనిపించే పొరపాటు రెండోది. తగిన మరో కారణం ఏదైనా ఉండడం మూడోది. ఈ మూడో మాట చూసి చాలామంది మురిసిపోతారు, దీనికింద ఏదైనా పెట్టేయొచ్చని. మొదటి రెండింటి జాతికి చెందిన కారణమే అక్కడ చెల్లుతుందని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) 1922లోనే కట్టడి చేసింది. ఆ కట్టడి ఇప్పటికీ ఉంది.

రివ్యూ దాకా పోకముందు చూసుకోవలసినది ఇంకొకటి ఉంది. మా ప్రాంతంలో డిక్రీల్లో దొర్లే తప్పుల్లో చాలావాటికి రివ్యూ అక్కరే లేదు. అవి రాతలోనో లెక్కలోనో జరిగిన తప్పులు. వాటికి 152వ సెక్షన్ ఉంది, దానికి గడువు కూడా లేదు.

ఎలా జరుగుతుందో చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఆనాటి దస్తావేజులు చాలా ఇళ్లలో తెలుగులోనే ఉన్నాయి, కొన్నింటిలో అంకెలు కూడా తెలుగువే. సిరా వెలిసిపోయిన కాగితం మీద ౨, ౩ పక్కపక్కన పడితే అలవాటున్న కన్ను కూడా తడబడుతుంది. ఇక విస్తీర్ణం. దస్తావేజులో "రెండు ఎకరాల అయిదు సెంట్లు" అని అక్షరాల్లో ఉంటుంది. అనువాదంలో అది 2.05 అని రావాలి. టైపులో 2.5 అవుతుంది. అక్కడినుంచి డిక్రీ షెడ్యూలులోకి ఎక్కేసరికి సున్నా చేరి రెండు ఎకరాల 50 డెసిమల్ అయిపోతుంది. మన సెంటూ ఒడిశా డెసిమలూ ఒకటే, ఎకరంలో నూరో వంతు. తేడా అంతా ఆ సున్నా ఎక్కడ కూర్చుందన్నదే. 45 సెంట్లు కాగితం మీద పెరిగిపోయాయి. అమలు పిటిషన్‌లో అమీను (కోర్టు తరపున కొలిచే ఉద్యోగి) గొలుసు పట్టుకుని పొలంలో దిగినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. అప్పుడు పక్క రైతు అడ్డం పడతాడు, అమలు ఆగిపోతుంది, గెలిచినవాడు చేతిలో డిక్రీ పట్టుకుని గట్టు మీద నిలబడతాడు.

దీనికి రివ్యూ వేస్తే గడువు దాటిందని కొట్టేస్తారు. వేయవలసింది 152 కింద సవరణ పిటిషన్. దానికి వాదపత్రం షెడ్యూలు, ఎగ్జిబిట్ అయిన (కోర్టు గుర్తు వేసి సాక్ష్యంగా తీసుకున్న) దస్తావేజు, దాని అనువాదం, డిక్రీ నకలు జతచేసి, ఏ పేజీలో ఏ వరుసలో ఏ అంకె ఉంది, ఏది ఉండాలి అన్నది అఫిడవిట్‌లో చెప్పాలి. అవతలివాళ్లకు నోటీసు వెళుతుంది. సవరించాక కొత్తగా సర్టిఫైడ్ కాపీ తీసుకుని, పాతదాని బదులు అమలు పిటిషన్‌లోనూ తహసీల్ ఆఫీసులోనూ అదే దాఖలు చేయాలి. పాత నకలు మీద చేత్తో దిద్దుకుని తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పని చేయకండి, కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. వాదపత్రంలోనే మీరు 2.50 అని రాసి ఉంటే అది కోర్టు చేయిజారుడు కాదు, మీది. అక్కడ 152 అంత సులువుగా నడవదు. రెండోది, డిక్రీ మీద అప్పీలు పూర్తిగా విని తీర్పు ఇచ్చేసి ఉంటే సవరణ కూడా అప్పీలు కోర్టునే అడగాలి. అప్పీలును మొదటి విచారణలోనే, ఆర్డర్ 41 రూల్ 11 కింద కొట్టేసిన సందర్భంలో మాత్రం 153ఏ సెక్షన్ ప్రకారం మొదటి కోర్టే దిద్దవచ్చు.

తీర్పులో ఇచ్చినది డిక్రీలో జారిపోతే కూడా 152 చాలు, డిక్రీ తీర్పుకు తగ్గట్టు ఉండాలి కనుక. తీర్పులోనే లేనిదాన్ని డిక్రీలోకి తెమ్మంటే కుదరదు. వడ్డీ విషయంలో ఇది తరచూ వస్తుంది. డిక్రీ తేదీ తరవాతి వడ్డీ గురించి డిక్రీ ఏమీ చెప్పకపోతే కోర్టు దాన్ని నిరాకరించినట్టేనని 34వ సెక్షన్ చెబుతోంది. దానికోసం వేరే దావా కూడా పడదు.

ఇక అసలు రివ్యూ. పైకి కనిపించే పొరపాటుకు పరీక్ష చాలా సాదా. తీర్పు కాపీ ఒక చేత్తో, రికార్డు ఇంకో చేత్తో పట్టుకుని "ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టి చూపించగలగాలి. చూపించాక రెండో అభిప్రాయానికి చోటు ఉండకూడదు. గంటసేపు వాదించి, నాలుగు సాక్ష్యాలు కలిపి చదివి, "కాబట్టి ఇది తప్పు" అని తేల్చవలసి వస్తే అది తప్పే కావచ్చు, రివ్యూకి పనికొచ్చే తప్పు మాత్రం కాదు. ఈ గీత గీసిన తీర్పుల్లో పెద్దది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. వేరుశనగ నూనె మీద అమ్మకపు పన్ను తగాదాలో తుంగభద్ర ఇండస్ట్రీస్ వారి అప్పీలు మీద సుప్రీంకోర్టు 1963లో ఆ మాట చెప్పింది. రివ్యూ మారువేషంలో వచ్చిన అప్పీలు కాదన్నదీ ఆ తీర్పే. 1997లో పర్సియన్ దేవి కేసులో మళ్లీ గట్టిగా చెప్పారు: తప్పుడు నిర్ణయాన్ని పై కోర్టు దిద్దాలి, పైకి కనిపించే పొరపాటునే రివ్యూలో దిద్దాలి.

వేలు పెట్టి చూపించగల తప్పు ఎలా ఉంటుంది? "వాది రిజిస్టర్డ్ దస్తావేజు ఏదీ దాఖలు చేయలేదు" అని తీర్పులో ఉంది. రికార్డులో ఎగ్జిబిట్ 4 ఉంది, దాని వెనక పేజీలో రిజిస్ట్రేషన్ నంబరు, పుస్తకం, వాల్యూము, పేజీ అంకెలు, సబ్ రిజిస్ట్రారు ముద్ర ఉన్నాయి. వాదన అక్కర్లేదు. కోర్టు రూపొందించిన ఇష్యూల్లో, అంటే తేల్చవలసిన ప్రశ్నల్లో, ఒకదాన్ని తీర్పు అసలు ముట్టుకోకుండా వదిలేస్తే అదీ ఈ కోవలోకే వస్తుంది. చట్టంలో సూటిగా ఉన్న నిషేధాన్ని గమనించకుండా డిక్రీ ఇచ్చినా అంతే.

ఎగ్జిబిట్ల మాట వచ్చింది కనుక సరిహద్దుకు మాత్రమే చెందిన ఒక తిరకాసు చెప్పాలి. ఒడిశా కోర్టుల్లో వాది కాగితాలకు 1, 2, 3 అని అంకెలు, ప్రతివాది కాగితాలకు ఏ, బి, సి అని అక్షరాలు వేస్తారు. ఆంధ్రలో వాదివి ఏ-1, ఏ-2, ప్రతివాదివి బి-1, బి-2. పాతపట్నం వైపునుంచి వచ్చిన బంధువు ఎవరో ఒడిశా తీర్పు చదివి, "ఎగ్జిబిట్ ఏ మన కాగితమే కదా, దాన్ని అవతలివాళ్ల కాగితం అని రాశారు, ఇంతకన్నా పెద్ద తప్పు ఏముంటుంది" అంటాడు. అక్కడ తప్పేమీ లేదు, అది అవతలివాళ్ల కాగితమే. రివ్యూ రాయకముందు తీర్పు చివర ఉండే సాక్షుల జాబితా, ఎగ్జిబిట్ల జాబితా ముందు పెట్టుకుని ఏది ఎవరిదో గుర్తు పెట్టుకోండి. అలాగే పాత సర్వే నంబరు వేరు, తరవాతి సెటిల్‌మెంట్‌లో వచ్చిన ఖాతా, ప్లాటు నంబర్లు వేరు. దస్తావేజులో ఒకటీ తీర్పులో ఇంకొకటీ ఉన్నంత మాత్రాన పొరపాటు అనుకోవద్దు. రెండూ ఒకే నేల అని రికార్డులో రుజువు ఉందో లేదో చూడాలి.

పనికిరాని కారణాలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. జడ్జిగారు మా సాక్షిని నమ్మలేదు, కుదరదు. దస్తావేజులో ఆ మాటకు ఇంకో అర్థం కూడా వస్తుంది, కుదరదు. మా వకీలు ఆ పాయింటు సరిగ్గా వాదించలేదు, కుదరదు. తీర్పు వచ్చిన ఏడాదికి వేరే కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని ఇంకోలా చెప్పింది, అదీ కుదరదు. ఈ చివరిది 1976 సవరణలో ఆర్డర్ 47కు వివరణగా చేర్చి మరీ తలుపు మూశారు. న్యాయంగా చూస్తే కక్షిదారుకు కష్టమే, కానీ ఆ తలుపు తెరిస్తే ఈ దేశంలో ఏ డిక్రీ కూడా నిలవదు.

ఒక సందర్భంలో మాత్రం ఆలస్యం అస్సలు పనికిరాదు. "వాది తరపు న్యాయవాది ఈ విషయం ఒప్పుకున్నారు" అని తీర్పులో రాసి ఉండి, నిజానికి ఒప్పుకోకపోతే వెంటనే అదే జడ్జిగారి దగ్గరికి వెళ్లాలి, జరిగింది ఆయన మనసులో పచ్చిగా ఉండగానే. అప్పీలు దాకా ఆగి అక్కడ "మేము ఒప్పుకోలేదు" అంటే వినరు. మహారాష్ట్ర ప్రభుత్వానికీ రామదాస్ శ్రీనివాస్ నాయక్‌కూ మధ్య నడిచిన కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: కోర్టులో జరిగినదాని గురించి తీర్పులో ఉన్న మాటే ఖాయం, కాదనాలంటే ఆ జడ్జి ముందే అనాలి.

కొత్త సాక్ష్యం సంగతి. ఇది వినడానికి సులువు, నిలబెట్టడం చాలా కష్టం. ఆర్డర్ 47 రూల్ 4 దీనికి గట్టి రుజువు అడుగుతుంది. కాగితం కొత్తగా దొరికితే చాలదు. అప్పుడు నాకు తెలియదు అనీ, తెలుసుకోవడానికి చేయవలసిందంతా చేశాననీ చూపించాలి. సరిహద్దు అవతల సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తాతగారి అమ్మకపు దస్తావేజు నకలు తీర్పు తరవాత దొరికిందని తెస్తారు. కోర్టు అడిగే మొదటి ప్రశ్న: రిజిస్టర్ పుస్తకాలు ఎవరైనా రుసుము కట్టి వెతికించుకోవచ్చు కదా, దావా వేసే ముందు ఈసీ (ఆస్తి లావాదేవీల ధృవపత్రం) ఎందుకు తీయించలేదు? దానికి జవాబు లేకపోతే పిటిషన్ అక్కడితో ఆగుతుంది. అదే కాగితం అవతలివాళ్ల పెట్టెలో ఉండి, ఉందని అడిగినా దాచిపెడితే, లేదా ఆఫీసువాళ్లు ముందు "దొరకలేదు" అని రాసిచ్చి తరవాత దొరికిందంటే, అప్పుడు ఆ రాతకాగితమే మీ ఆయువుపట్టు. కాబట్టి ఏ ఆఫీసులో వెతికినా దరఖాస్తు రసీదు, లేదన్న జవాబు దాచుకోండి. నోటిమాటగా "లేదు పో" అన్నారంటే రుజువు కాదు. కాగితం కేసు తీర్పును తిప్పేంత బలమైనదై ఉండాలి కూడా, ఉన్న సాక్ష్యానికి ఇంకో తోడు లాంటిది అయితే చాలదు. చాలా కేసుల్లో ఇలాంటి కాగితాన్ని అప్పీలులో ఆర్డర్ 41 రూల్ 27 కింద అదనపు సాక్ష్యంగా పెట్టడమే మేలు. అక్కడా శ్రద్ధ చూపించాలి, కానీ కాగితం తోపాటు తీర్పులోని మిగతా లోపాలన్నీ కలిపి వాదించుకునే వీలుంటుంది.

గడువు లెక్క చాలామంది తప్పుతారు. లిమిటేషన్ చట్టం 124వ ఆర్టికల్ ప్రకారం రివ్యూకి 30 రోజులు, అది కూడా డిక్రీ తేదీ నుంచి. డిక్రీ కాగితం పదిహేను రోజుల తరవాత తయారైనా దాని తేదీ తీర్పు చెప్పిన తేదీనే. నకలు కోసం పట్టిన రోజులు మినహాయిస్తారు. ఒడిశాలో సర్టిఫైడ్ కాపీ మీద ఐదు తేదీలు ఉంటాయి: దరఖాస్తు పెట్టినది, స్టాంపులూ ఫోలియోలూ (నకలు రాసే కాగితాలు) ఎన్ని కావాలో చెప్పడానికి పెట్టినది, అవి దాఖలు చేసినది, నకలు సిద్ధమైనది, చేతికి ఇచ్చినది. కాపీ సెక్షన్ వాళ్లు ఎన్ని స్టాంపులో చెప్పాక మీరు వారం ఆలస్యంగా ఇస్తే ఆ వారం మీ ఖాతాలోకే. సిద్ధమైనాక తీసుకోకుండా ఊరుకున్న రోజులూ అంతే.

లెక్క ఇలా వేసుకోండి. మార్చి 3న తీర్పు. ఆ రోజు వదిలేస్తే 30 రోజులు ఏప్రిల్ 2కు పూర్తవుతాయి. మార్చి 10న నకలుకు దరఖాస్తు పెట్టారు, స్టాంపులు వెంటనే ఇచ్చారు, 24న సిద్ధమైంది. పదో తేదీ నుంచి 24 దాకా 15 రోజులు కలుస్తాయి. చివరి రోజు ఏప్రిల్ 17. ఆ రోజు కోర్టు సెలవైతే తెరిచిన రోజు. నకలుకు ఏప్రిల్ 5న దరఖాస్తు పెట్టారనుకోండి, అప్పటికే గడువు దాటింది, కలపడానికి ఏమీ లేదు. దాటితే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని వేరే పిటిషన్, అఫిడవిట్ కావాలి. "తీర్పు ఇంగ్లిషులో ఉంది, నాకు తెలుగు తప్ప రాదు" అన్న ఒక్క కారణం మీదే ఆధారపడవద్దు. ఎప్పుడు ఎవరి చేత చదివించుకున్నారు, ఆ తరవాత ఏం చేశారు, తేదీలతో చెప్పాలి. ఇంగ్లిషు రాని కక్షిదారు అడిగితే కోర్టు భాషలో అనువాదం ఇవ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షన్ చెబుతుంది. అయితే ఇక్కడ కోర్టు భాష ఒడియా, తెలుగు కాదు. తీర్పు చెప్పిన వారంలోనే మీ వకీలు ఎదురుగా కూర్చుని పేరా పేరాకి తెలుగులో చెప్పించుకోవడమే దారి. రివ్యూకి దొరికే తప్పు ఉంటే ఆ కూర్చున్నప్పుడే దొరుకుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రమాదం. రివ్యూ పెండింగులో ఉందని అప్పీలు గడువు ఆగదు. జిల్లా కోర్టుకు అప్పీలు అయితే 30 రోజులు, హైకోర్టుకు అయితే 90 రోజులు, రెండూ డిక్రీ తేదీ నుంచే. రివ్యూ కొట్టేస్తే ఆ కొట్టివేత మీద అప్పీలు లేదు, ఆర్డర్ 47 రూల్ 7 అది తేల్చేసింది. అసలు డిక్రీ మీదే అప్పీలుకు పోవాలి, దానికి గడువు పాత లెక్కే. రివ్యూలో గడిచిన కాలాన్ని మంచి మనసుతో మన్నించవచ్చు, మన్నించకపోవచ్చు. వేలు పెట్టి చూపించే తప్పే లేకుండా రివ్యూ వేసినవాడికి ఆ మన్నింపు అడిగే ముఖం ఉండదు.

అందుకని వరస ముఖ్యం. అప్పీలు ముందు వేస్తే ఆ మనిషికి రివ్యూ దారి మూసుకుపోతుంది. రివ్యూ ముందు వేసి తరవాత అప్పీలు వేస్తే, అప్పీలు తేలేదాకా రివ్యూ వినవచ్చు, తుంగభద్ర తీర్పులో ఇదీ ఉంది. అప్పీలు ముందు తేలిపోతే కింది డిక్రీ పై డిక్రీలో కలిసిపోతుంది, రివ్యూకి ఇక పని ఉండదు. రివ్యూ ముందు నెగ్గితే పాత డిక్రీ పోతుంది, దానిమీద వేసిన అప్పీలూ పోతుంది, మళ్లీ విని ఇచ్చిన కొత్త డిక్రీ మీద ఓడినవాడు కొత్తగా అప్పీలు వేసుకోవాలి. కాబట్టి రివ్యూకి స్పష్టమైన కారణం ఉంటే పదిరోజుల్లో వేసేయండి, డైరీలో అప్పీలు ఆఖరి తేదీ ఎర్ర సిరాతో రాసుకోండి, ఆ తేదీకి రివ్యూ తేలకపోతే అప్పీలు కూడా వేయండి. కారణం మీద మీకే అనుమానం ఉంటే రివ్యూ జోలికే పోకుండా నేరుగా అప్పీలు. రివ్యూ వేసినంత మాత్రాన అమలూ ఆగదు. స్టే కోసం వేరే పిటిషన్ వేసి ఉత్తర్వు తెచ్చుకోవాలి.

రాసే పద్ధతి అప్పీలు మెమోలాగే ఉండాలి. కారణాలు విడివిడిగా, వరస నంబర్లతో, కథా వాదనా లేకుండా. రెండు మూడు కారణాలకు మించి ఉన్న రివ్యూ చూడగానే జడ్జిగారికి అది అప్పీలని అర్థమైపోతుంది. ఒక్కో కారణానికి తీర్పు పేరా నంబరు, దానికి ఎదురుగా రికార్డులో ఉన్న ఎగ్జిబిట్ లేదా సాక్షి వాంగ్మూలం పేజీ ఉండాలి. తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీలు, కొత్త సాక్ష్యమైతే అఫిడవిట్, వెతికిన రసీదులు, తెలుగు కాగితమైతే అనువాదం, ఎదుటివాళ్లందరికీ నకళ్లు జతచేయాలి. వీలైతే దావా నడిపిన వకీలే వేయడం మంచిది. రివ్యూ కోసమే వకీలును మార్చడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది, రికార్డు తెలిసినవాడికే ఆ ఒక్క వాక్యం కనిపిస్తుంది కూడా. కోర్టు ఫీజు 1870 నాటి చట్టం ప్రకారం 90వ రోజుకు ముందు దాఖలు చేస్తే దావా లేదా అప్పీలు మెమో ఫీజులో సగం, ఆ తరవాత అయితే పూర్తిగా. ఒడిశా సవరణలు ఉన్నాయి కనుక అంకె మాత్రం శిరస్తదారు (కోర్టు ఆఫీసు ముఖ్య ఉద్యోగి) చేత లెక్క కట్టించుకోండి. "చిన్న పిటిషనే కదా, పది రూపాయల స్టాంపు చాలు" అనుకుని వచ్చి వెనక్కి పోయేవాళ్లు ఎక్కువ.

జడ్జిగారు బదిలీ అయిపోయారు, ఇక రివ్యూ ఎలా అని అడుగుతుంటారు. ఒకప్పుడు కొత్తగా వచ్చినవారికి కొన్ని కారణాల మీదే వినే అధికారం ఉండేది. ఆ రూల్ 2ను 1956లో తీసేశారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవారు వింటారు. ఇద్దరు ముగ్గురు జడ్జీలు కలిసి ఇచ్చిన తీర్పయితే వేరు, వాళ్లు అదే కోర్టులో ఉంటే, ఆరు నెలల దాకా అందుబాటులో లేకుండా పోకపోతే, వాళ్లే వినాలి.

పిటిషన్ చూడగానే కారణం లేదనిపిస్తే నోటీసు ఇవ్వకుండానే కొట్టేయవచ్చు. ఉందనిపిస్తే ఎదుటివాళ్లకు నోటీసు ఇవ్వకుండా ఒప్పుకోవడానికి వీల్లేదు. ఒప్పుకున్న ఉత్తర్వు మీద ఎదుటివాళ్లు అప్పీలుకు పోవచ్చు, ఆర్డర్ 43లో దానికి చోటు ఉంది. వాయిదాకు రాలేదని కొట్టేస్తే తగిన కారణం చూపి మళ్లీ ఫైలులోకి తెప్పించుకోవచ్చు. రివ్యూ మీద వచ్చిన ఉత్తర్వుకు మళ్లీ రివ్యూ మాత్రం లేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకుండానే ఇచ్చినది) పడినవాళ్లు కూడా రివ్యూ అడుగుతుంటారు. సమన్లు అందలేదన్నా, ఆ రోజు రాలేకపోయామన్నా వాళ్ల దారి ఆర్డర్ 9 రూల్ 13.

తహసీల్దారు, సబ్ కలెక్టరు ఉత్తర్వుల మీద కూడా "రివ్యూ వేశాం" అంటుంటారు. పైన చెప్పినదంతా సివిల్ కోర్టులకే. రెవెన్యూ అధికారికి తన ఉత్తర్వును తానే మార్చుకునే అధికారం పుట్టుకతో రాదు, ఆ చట్టం ఇస్తేనే ఉంటుందని సుప్రీంకోర్టు 1970లో పటేల్ నర్సీ ఠాకర్షీ కేసులో చెప్పింది. ఏజెన్సీ భూముల కేసుల్లో ఇది మరీ ముఖ్యం. అధికారం లేని రివ్యూలో మీరు నెగ్గినా ఆ నెగ్గిన ఉత్తర్వు నిలవదు, ఈలోగా అప్పీలు తేదీ పోతుంది. ఏ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చారో కాగితం తలమీద రాసి ఉంటుంది, ఆ చట్టంలో రివ్యూ మాట ఉందో లేదో ముందు చూపించుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు మాత్రం 2019 చట్టం 40వ సెక్షన్ రివ్యూ అధికారం ఇచ్చింది. అదీ పైకి కనిపించే పొరపాటుకే, 30 రోజుల్లోనే.

ఖర్చుకు జడిసి గడువు వదులుకునేవాళ్లకు ఒక మాట. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి లోపల, జిల్లా న్యాయ సేవల సంస్థ వకీలును ఇస్తుంది. కోర్టు ఫీజు, సర్టిఫైడ్ కాపీలు, కాగితాల అనువాదం ఖర్చు కూడా ఆ సాయంలో భాగమే. తెలుగు దస్తావేజుల అనువాదం కావాలని దరఖాస్తులోనే రాయండి. రాయకపోతే వకీలును మాత్రమే ఇచ్చి ఊరుకుంటారు.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా